కణితిలో కాపురం పెట్టే బ్యాక్టీరియా

మనలో చాలామందికి ఎడమ చేతి పైభాగంలో చిన్న గుంటలాంటి మచ్చ ఉంటుంది. పుట్టిన కొద్దిరోజులకే వేసిన బీసీజీ టీకా గుర్తు అది. పసిపిల్లలకు క్షయ సోకి మెదడుకు పాకకుండా కాపాడడం దాని ముఖ్యమైన పని. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వైద్యులు, ఫ్రిమోట్-మోలర్ ఆధ్వర్యంలో, చుట్టుపక్కల పల్లెల్లో ఈ టీకా ఎంతవరకు పనిచేస్తుందో ఏళ్ల తరబడి పరిశీలించారు. తెలుగు నేలకు బీసీజీ అంత పాత పరిచయం.

ఇప్పుడు ఏదైనా పెద్దాసుపత్రి యూరాలజీ విభాగానికి వెళ్లి చూడండి. మూత్రాశయ క్యాన్సర్‌ను గీకి తీసేసిన రోగికి సన్నటి గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఒక ద్రవం ఎక్కిస్తారు. సుమారు రెండు గంటలు మూత్రానికి వెళ్లకుండా ఆపుకోమంటారు. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు ఇలా చేస్తారు. ఆ ద్రవంలో కీమోథెరపీ మందు ఉండదు. ఉండేది బీసీజీ బ్యాక్టీరియా, అదీ ప్రాణంతో ఉన్నది. కెనడాలోని కింగ్‌స్టన్‌లో అల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్టు తొమ్మిది మంది రోగుల్లో దీని ఫలితాలను 1976లో ప్రకటించాడు. 1990లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కండరంలోకి దిగని, తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న మూత్రాశయ క్యాన్సర్‌కు నేటికీ ఇదే ప్రామాణిక చికిత్స.

క్షయ టీకాకూ క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం?

బ్యాక్టీరియా క్యాన్సర్‌ను తినేయదు. మూత్రాశయం లోపలి పొరకు అంటుకుని అక్కడ వాపు పుట్టిస్తుంది. ఆ వాపు చూసి రోగనిరోధక కణాలు గుంపులుగా వస్తాయి. బ్యాక్టీరియా కోసం వచ్చిన ఆ కణాలు, పక్కనే ఇంతకాలం తమ కంటపడకుండా ఉన్న క్యాన్సర్ కణాలను కూడా పసిగట్టి చంపుతాయి. శాస్త్రవేత్తలు ఇప్పుడు దీనికన్నా ఒక మెట్టు పైకి వెళ్తున్నారు. బ్యాక్టీరియా వెళ్లి రోగనిరోధక కణాలను పిలవడంతో సరిపెట్టుకోకుండా, కణితి లోపలే కూర్చుని, రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందును తయారు చేసి విడుదల చేసేలా దాని జన్యువులను తిరగరాస్తున్నారు.

పాత కేసు షీటులో దొరికిన ఆధారం

బ్యాక్టీరియాతో క్యాన్సర్‌ను ఎదుర్కోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1890లో న్యూయార్క్‌లో విలియం కోలీ అనే కుర్ర సర్జన్ దగ్గరికి బెస్సీ డాషీల్ అనే పదిహేడేళ్ల అమ్మాయి చేతి నొప్పితో వచ్చింది. అది ఎముకను పట్టిన సార్కోమా అనే క్యాన్సర్. చెయ్యి తీసేసినా ఆమె దక్కలేదు. 1891 జనవరిలో చనిపోయింది. ఆ చావు కోలీని కుదురుగా ఉండనివ్వలేదు. తన ఆసుపత్రిలోని పాత రికార్డులన్నీ తిరగేశాడు. మెడ మీద సార్కోమా ఉండి, ఎన్నిసార్లు కోసినా మళ్లీ పెరిగిన ఒక రోగి కేసు కంటపడింది. ఆ రోగికి ఆసుపత్రిలోనే ఎరిసిపెలస్ సోకింది. స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల చర్మం ఎర్రగా కమిలి, తీవ్రమైన జ్వరం తెచ్చే ఇన్ఫెక్షన్ అది. జ్వరం తగ్గేసరికి కణితి కూడా మాయమైంది. కోలీ ఆ మనిషిని వెతుక్కుంటూ మన్‌హాటన్ పేదల వాడల్లో తిరిగి చివరకు పట్టుకున్నాడు. ఏళ్లు గడిచినా అతను ఆరోగ్యంగా ఉన్నాడు.

అప్పుడు కోలీ తానే రోగులకు స్ట్రెప్టోకాకస్‌ను ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి కణితి తగ్గింది. కొందరు ఇన్ఫెక్షన్‌తోనే పోయారు. దాంతో బతికున్న బ్యాక్టీరియాను వదిలి, వేడిచేసి చంపిన రెండు రకాల బ్యాక్టీరియా మిశ్రమాన్ని వాడాడు. 'కోలీ టాక్సిన్లు' అని పేరుపడింది దానికే. ఈలోగా ఎక్స్‌రే చికిత్స వచ్చింది. దాని మోతాదును కొలవొచ్చు, ఫలితాన్ని ముందే కొంత అంచనా వేయొచ్చు. కోలీ మందు ఒక్కో రోగిలో ఒక్కో రకంగా పనిచేసేది. వైద్య ప్రపంచం దాన్ని పక్కన పెట్టేసింది. 1936లో కోలీ మరణించాక అతని కూతురు హెలెన్ తండ్రి కేసులన్నీ పోగుచేసి, 1953లో న్యూయార్క్‌లో క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపనకు ముందు నిలిచింది. ఇవాళ ఇమ్యునోథెరపీ పరిశోధనకు ఊపిరిపోసిన సంస్థల్లో అది ఒకటి.

కోలీని తోసిపుచ్చినవారిని తప్పుపట్టలేం. ఏ రోగికి పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో చెప్పలేని మందును ఎవరు నమ్ముతారు? ఆ 'ఎందుకు'కు సమాధానం దొరకడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

కణితి లోపల ఏముంటుంది?

కణితి ఎంత తొందరగా పెరుగుతుందంటే, దానికి రక్తం అందించే నాళాలు సక్రమంగా ఏర్పడే వీలుండదు. వంకర్లు తిరిగి, ఎక్కడికక్కడ కారుతూ ఉంటాయి. అందువల్ల రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, రక్తంలో తిరిగే బ్యాక్టీరియా ఆ కారే చోట్ల నుంచి కణితిలోకి జారిపోతుంది. రెండు, నాళాలకు దూరంగా ఉన్న లోపలి భాగానికి ఆక్సిజన్ అందదు. అక్కడి కణాలు చచ్చి, వాటిలోని పోషకాలు బయటపడుతుంటాయి. సాల్మొనెల్లా, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఉన్నా లేకున్నా ఒకటే. క్లాస్ట్రీడియం జాతికైతే ఆక్సిజనే విషం, కాబట్టి వీటన్నిటికీ ఆ చోటు అనువుగా ఉంటుంది.

బ్యాక్టీరియా కణితిలో నిలదొక్కుకోవడానికి మూడో కారణం అన్నిటికన్నా ముఖ్యమైనది. కణితి తన బతుకు కోసం చుట్టూ ఉన్న రోగనిరోధక కణాలను అణచిపెడుతుంది. క్యాన్సర్ కణాలను చంపే టీ కణాలు నీరసిస్తాయి. సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు ఊరుకుంటాయి. క్యాన్సర్‌ను కాపాడే ఆ అణచివేతే లోపలికి చేరిన బ్యాక్టీరియాను కూడా కాపాడుతుంది. ఎలుకకు సిరలో బ్యాక్టీరియా ఎక్కిస్తే కాలేయం, ప్లీహం వాటిని చకచకా ఏరేస్తాయి. కణితిలో మిగిలిన కొన్ని మాత్రం ఏ అడ్డూ లేక పెరిగిపోతాయి. కొద్ది రోజులకు కాలేయంలో కంటే కణితిలో వెయ్యి రెట్లు ఎక్కువగా లెక్కకు వచ్చిన సందర్భాలున్నాయి. రోగనిరోధక శక్తిని రానివ్వకుండా కణితి చేసుకున్న ఏర్పాటే బ్యాక్టీరియాకు దారి ఇస్తోంది. ఈ రంగంలోని పరిశోధనంతా ఈ ఒక్క విషయం మీద నిలబడి ఉంది.

మందు అక్కడే ఎందుకు తయారవాలి?

ఇమ్యునోథెరపీ మందులు ఇప్పటికే ఉన్నాయి కదా, బ్యాక్టీరియాతో ఈ తంటా ఎందుకు అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే.

టీ కణాలు అతిగా రెచ్చిపోయి సొంత శరీరాన్నే దెబ్బతీయకుండా వాటి మీద కొన్ని నిరోధక ప్రోటీన్లు ఉంటాయి. క్యాన్సర్ కణాలు ఆ ప్రోటీన్లను వాడుకుని టీ కణాలను ఆపేస్తాయి. ఈ సంగతి తేల్చిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఆ ప్రోటీన్లను మూసేసే యాంటీబాడీలే నేడు ఎక్కువగా వాడే ఇమ్యునోథెరపీ మందులు. అవి సిర ద్వారా ఒళ్లంతా తిరుగుతాయి. కాబట్టి ఒళ్లంతా ఉన్న టీ కణాలకూ అడ్డు తొలగుతుంది. పేగుల్లో వాపు, థైరాయిడ్ దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో వాపు ఈ మందులతో తరచు చూసే ఇబ్బందులు.

సీడీ47 అనే ప్రోటీన్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 'నన్ను మింగకు' అని మాక్రోఫేజ్‌లకు చెప్పే సంకేతం అది. క్యాన్సర్ కణాల మీద అది దండిగా ఉంటుంది. దాన్ని మూసేస్తే మాక్రోఫేజ్‌లు క్యాన్సర్‌ను మింగుతాయి. చిక్కేమిటంటే మన ఎర్ర రక్తకణాల మీద కూడా అదే సంకేతం ఉంది. మందు ఒళ్లంతా తిరిగితే రక్తహీనత వస్తుంది. ఈ కోవలో అందరికన్నా ముందున్న మాగ్రోలిమాబ్ మందు ట్రయల్స్‌లో నిలవలేకపోయింది.

అదే మందు కణితిలో మాత్రమే తయారై, కణితిలోనే ఖర్చయిపోతే? న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో టాల్ డానినో, నికొలస్ అర్పాయా బృందం చేసింది అదే. సీడీ47ను మూసే చిన్న యాంటీబాడీ ముక్క, అంటే నానోబాడీ, తయారు చేసే జన్యువును ఈ.కోలైలో పెట్టారు. ఎలుకకు రెండు పక్కలా కణితులు పెంచి, ఒక పక్క కణితిలోనే బ్యాక్టీరియా ఎక్కించారు. ఎక్కించిన చోట కణితి కరిగింది. ఎక్కించని రెండో కణితి పెరుగుదల కూడా మందగించింది. ఇక్కడ క్యాన్సర్‌ను గుర్తించడం నేర్చుకున్న టీ కణాలు రక్తంలో తిరిగి అక్కడికీ చేరాయన్నమాట. 2019లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం చాలామంది దృష్టిని ఈ రంగం వైపు తిప్పింది.

చెరువు అలుగు పారినట్టు

బ్యాక్టీరియా మందును తయారు చేస్తుంది సరే, బయటికి ఎలా వదలాలి? ఎప్పుడు వదలాలి? రక్తంలో ఉండగానే వదిలేస్తే లాభం లేదు. కణితిలో మరీ పెరిగిపోతే రోగికే ప్రమాదం. ఈ రెండు చిక్కులనూ ఒక్క ఏర్పాటుతో పరిష్కరించారు. ఇది కొంచెం నిదానంగా చూడదగ్గ విషయం.

సముద్రంలో మెరిసే ఒక రకం బ్యాక్టీరియా ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు అది వెలగదు. ప్రతి బ్యాక్టీరియా ఒక చిన్న రసాయనాన్ని బయటికి వదులుతూ ఉంటుంది. గుంపు పెరిగేకొద్దీ ఆ రసాయనం చిక్కబడుతుంది. ఒక మట్టం దాటగానే అన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. బ్యాక్టీరియా తమ సంఖ్యను తెలుసుకునే పద్ధతి ఇదే.

శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో జెఫ్ హేస్టీ బృందం ఈ జన్యువులను తీసుకుని, వెలుగు పుట్టించే జన్యువుకు బదులు బ్యాక్టీరియాను పగలగొట్టే వైరస్ జన్యువును అతికించింది. చెరువును తలచుకోండి. వానకు నీరు చేరుతూ ఉంటుంది, అలుగు మట్టం దాకా ఒక్క చుక్కా బయటికి పోదు. మట్టం దాటగానే అలుగు పారుతుంది. ఇక్కడా అంతే. బ్యాక్టీరియా సంఖ్య కణితిలో పెరుగుతూ ఉంటుంది, రసాయనం మట్టం అందుకుంటుంది, అప్పుడు దాదాపు అన్నీ ఒకేసారి పగిలి లోపలి మందు కణితిలోకి పారుతుంది. ఒక తేడా ఉంది. చెరువు అలుగు మట్టానికే ఆగుతుంది, ఇక్కడ దాదాపు ఖాళీ అయిపోతుంది. మిగిలిన గుప్పెడు బ్యాక్టీరియా మళ్లీ పెరగడం మొదలుపెడతాయి. మళ్లీ మట్టం, మళ్లీ పగలడం. ఒక్కసారి ఎక్కించిన బ్యాక్టీరియాతో విడతలు విడతలుగా మందు అందుతుంది. గుంపు హద్దు దాటి పెరగదు. రక్తంలో పలచగా ఉన్నప్పుడు మట్టం అందదు గనుక మందు బయటికి రాదు. 2016లో నేచర్‌లో వచ్చిన ఈ పని, నా దృష్టిలో, ఈ రంగంలో అన్నిటికన్నా తెలివైన మలుపు.

దీనికీ ఒక లోపం ఉంది. బ్యాక్టీరియా జన్యువులు మారిపోతుంటాయి. పగిలే జన్యువు పాడైన ఒక్క బ్యాక్టీరియా పుడితే చాలు, మిగిలినవన్నీ చస్తూ ఉంటే అది మాత్రం నిండిపోతుంది. దీనికి హేస్టీ బృందమే 2019లో ఒక విరుగుడు చూపింది. మూడు రకాల బ్యాక్టీరియాను తయారు చేసి, మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మొదటిదాన్ని చంపేలా అమర్చింది. పాత గుంపు దారి తప్పకముందే కొత్త గుంపుతో దాన్ని తుడిచేయొచ్చు. ఇది ప్రయోగశాలలో సాగింది. రోగి ఒంట్లో ఇంత పకడ్బందీగా సాగుతుందా అన్నది వేరే ప్రశ్న.

బాక్స్: ఏ బ్యాక్టీరియాకు ఏ పని?

ఈ.కోలై నిస్సిల్: మొదటి ప్రపంచ యుద్ధంలో తోటివారంతా విరేచనాలతో పడిపోతున్నా జబ్బు పడని ఒక సైనికుడి నుంచి జర్మన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ నిస్సిల్ 1917లో దీన్ని వేరుచేశాడు. జర్మనీలో పేగుల జబ్బులకు మందుగా చాలాకాలంగా అమ్ముతున్నారు. మనుషులకు హాని చేయదని పాత అనుభవం ఉంది గనుక నేటి ప్రయోగాల్లో ఎక్కువ భాగం దీనితోనే.

సాల్మొనెల్లా: టైఫాయిడ్ తెచ్చే కుటుంబం. కణితిలో బాగా స్థిరపడుతుంది, అందుకే జన్యువులు తీసేసి బలహీనపరచాలి.

లిస్టీరియా: కణాల లోపలికి దూరగలదు. క్యాన్సర్ గుర్తులను రోగనిరోధక కణాల లోపలికే మోసుకెళ్లి చూపించే పనికి వాడతారు.

క్లాస్ట్రీడియం నోవియీ: కణితిలో ఆక్సిజన్ లేని నడిమి భాగంలోనే బతుకుతుంది. 2014లో ప్రకటించిన ప్రయోగంలో, సహజంగా క్యాన్సర్ వచ్చిన 16 పెంపుడు కుక్కల్లో 6 కుక్కలకు కణితి తగ్గింది, వాటిలో మూడింటికి పూర్తిగా పోయింది.

ఒక్కో రోగికి ఒక్కో బ్యాక్టీరియా

డానినో బృందం 2023లో సైన్స్ పత్రికలో మరో దారి చూపింది. రోగి టీ కణాలనే బయటికి తీసి, క్యాన్సర్‌ను వెతికేలా మార్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్స రక్త క్యాన్సర్లకు బాగా పనిచేస్తోంది. మన దేశంలోనూ ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి లభించింది. గట్టి కణితుల విషయంలో మాత్రం ఇబ్బంది ఉంది. టీ కణాలు గురిపెట్టడానికి అన్ని క్యాన్సర్ కణాల మీదా ఉండి, మంచి కణాల మీద లేని గుర్తు దొరకదు. కొలంబియా శాస్త్రవేత్తలు ఆ గుర్తును బ్యాక్టీరియాతోనే పూయించారు. కణితిలో చేరిన నిస్సిల్ బ్యాక్టీరియా, ఒంట్లో ఎక్కడా సహజంగా ఉండని ఒక ప్రోటీన్‌ను కణితికి పూస్తుంది. కార్-టీ కణాలు ఆ ప్రోటీన్ కోసం వెతుకుతాయి.

2024 అక్టోబర్‌లో అదే కొలంబియా నుంచి నేచర్‌లో వచ్చిన పని ఇంకా ముందుకు వెళ్లింది. ప్రతి రోగి క్యాన్సర్‌లోనూ ఆ రోగికే ప్రత్యేకమైన మార్పులుంటాయి. ఆ మార్పుల వల్ల పుట్టే ప్రోటీన్ ముక్కలను నిస్సిల్ తయారు చేసేలా రాసి, ఎలుకలకు టీకాలా ఎక్కించారు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ, చర్మానికి వచ్చే మెలనోమాలోనూ కణితులు అదుపులోకి వచ్చాయి.

ఎలుకలకు తగ్గింది, మనుషులకు?

ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడాలి. మనుషుల మీద జరిగిన ప్రయత్నాల ఫలితాలు ఇప్పటిదాకా ఎలుకల ఫలితాలకు దగ్గర్లో కూడా లేవు.

2002లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, బాగా బలహీనపరిచిన సాల్మొనెల్లాను ముదిరిన క్యాన్సర్ ఉన్న 25 మందికి ఎక్కించిన ఫలితాలు వచ్చాయి. చాలామంది తట్టుకున్నారు. కానీ కణితిలో బ్యాక్టీరియా కనిపించింది కొద్దిమందిలోనే. ఎవరికీ కణితి తగ్గలేదు. సాల్మొనెల్లా పైపొరలోని విషానికి ఎలుక కంటే మనిషి ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తాడు. అందుకని పొరను మార్చి, మోతాదు తగ్గించి ఎక్కించాలి. బలహీనపరిస్తే కణితి దాకా చేరేవి తగ్గుతాయి, బలంగా ఉంచితే రోగి ప్రాణానికే ముప్పు. ఈ రెండింటి మధ్య సందు చాలా ఇరుకు.

భారతదేశానికి నేరుగా సంబంధించిన ప్రయోగం ఒకటుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తిరగబెట్టిన 109 మంది మహిళలకు మన దేశంలోనే లిస్టీరియా ఆధారిత చికిత్స ఇచ్చి చూశారు. సగంమందికి దానితోపాటు సిస్‌ప్లాటిన్ కీమో కూడా ఇచ్చారు. 2018లో ప్రచురించిన ఫలితాల్లో, రెండు గుంపుల్లోనూ మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు ఎనిమిది నెలలకు కాస్త అటూఇటూ ఉంది. కీమో కలిపినందువల్ల పెద్ద తేడా రాలేదు. ఇదే చికిత్సతో నడుస్తున్న మూడో దశ ట్రయల్‌ను, దాన్ని తయారు చేసిన అమెరికన్ కంపెనీ 2019లో నిలిపేసింది. సిన్‌లాజిక్ అనే మరో కంపెనీ నిస్సిల్‌ను నేరుగా కణితిలోకి ఎక్కించి చూసింది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం కణితిలో రోగనిరోధక స్పందన మొదలైంది, కొందరిలో జబ్బు కొంతకాలం నిలకడగా ఉంది. అంతకుమించి జరగలేదు.

ఎలుకలో కణితి వారాల్లో పెరుగుతుంది, నడిమి భాగం చచ్చిపోయి ఉంటుంది. మనిషిలో ఒళ్లంతా చెదిరిపోయిన చిన్న చిన్న కణితులకు అలాంటి చచ్చిన నడిమి భాగం ఉండకపోవచ్చు. అప్పుడు బ్యాక్టీరియాకు స్థావరమే దొరకదు. మరో సమస్య కూడా ఉంది. కీమో తీసుకునే రోగికి తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. అది చికిత్స కోసం ఎక్కించిన బ్యాక్టీరియానూ చంపుతుంది. యాంటీబయాటిక్‌కు లొంగకుండా చేద్దామంటే అది చేయకూడని పని. మందులకు లొంగని సూక్ష్మజీవులతో మన ఆసుపత్రులు ఇప్పటికే సతమతమవుతున్నాయి. ప్రయోగశాలలో గుర్తు కోసం వాడే మందు నిరోధక జన్యువులను రోగి దాకా వచ్చే బ్యాక్టీరియాలో ఉంచకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రత్యేక పోషకం బయటి నుంచి అందిస్తే తప్ప బతకలేని విధంగా మార్చడం దానికన్నా మేలైన కళ్లెం. సిన్‌లాజిక్ ఆ పద్ధతినే పాటించింది.

ఇన్ని చెప్పినా ఈ దారిని వదలకూడదంటాను. 2022లో మన దేశంలో దాదాపు 14.6 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ వచ్చిందని భారత వైద్య పరిశోధన మండలి అంచనా. ఇమ్యునోథెరపీ యాంటీబాడీలు లక్షల రూపాయల ఖర్చు. బ్యాక్టీరియాను పెంచడానికి కావలసింది పోషక ద్రవం, తొట్టి, శుభ్రత. బీసీజీని దశాబ్దాలుగా తయారు చేస్తున్న దేశం మనది. పనిచేస్తుందని తేలిన రోజున దీన్ని చవకగా తయారు చేసే నేర్పు మనకు ఉంది.

ఇప్పటికి రోగులు తెలుసుకోవలసింది

జన్యువులు మార్చిన బ్యాక్టీరియాతో చేసే క్యాన్సర్ చికిత్స ఏదీ ఇంకా సాధారణ వాడకానికి రాలేదు. మూత్రాశయ క్యాన్సర్‌కు వాడే బీసీజీ వేరు. అది జన్యువులు తిరగరాసిన బ్యాక్టీరియా కాదు, దాని ఫలితం రుజువైంది. మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవారు తమకు అది తగునా అని డాక్టరును తప్పక అడగాలి. మందుల షాపుల్లో దొరికే ప్రోబయాటిక్ గుళికలకూ ఈ వ్యాసంలో చెప్పిన బ్యాక్టీరియాకూ సంబంధం లేదు. అవి కణితిని కరిగించవు. పైగా కీమోతో తెల్లకణాలు తగ్గినవారు బతికున్న బ్యాక్టీరియా ఉన్న గుళికలను డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. భారతదేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ 2009 నుంచి ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. ఆ జాబితాను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. బ్యాక్టీరియా చికిత్స అనో, కొత్త ఇమ్యునోథెరపీ ట్రయల్ అనో ఎవరైనా మీ ఇంట్లో రోగి కోసం డబ్బు కట్టమంటే, ముందు ఆ రిజిస్ట్రీ నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే సంతకం పెట్టకండి.